కొండబాటలో శునక సాహచర్యం

తెలుగునాట సైకిలు, కుక్క అనే రెండు మాటలు ఒకచోట వినిపిస్తే ఎవరి మనసులోనైనా మెదిలే దృశ్యం ఒక్కటే. సందు మలుపులో పడుకొన్న వీధికుక్క దిగ్గున లేచి, మొరుగుతూ చక్రాల వెంటబడుతుంది. సైకిలు మీది మనిషి తొక్కడం మాని, కాళ్లు రెండూ పైకి ముడుచుకొని, దైవం మీద భారం వేసి ముందుకు జారిపోతాడు. తెల్లవారుజామున పాలు పోసేవారు, పత్రికలు వేసే కుర్రవాళ్లు, రెండో ఆట సినిమా చూసి ఇంటిముఖం పట్టినవారు - వీరిలో ఈ అనుభవం లేనివారు అరుదు. అటువంటి చోట పుట్టి పెరిగినవారికి, లోకంలో కొన్ని ప్రాంతాల మనుషులు కోరి కుక్కను వెంటబెట్టుకొని సైకిళ్ల మీద కొండలెక్కుతారని చెబితే మొదట నవ్వు రావడం సహజం.

అయితే తరిమే కుక్కలోనూ, తోడుగా పరుగెత్తే కుక్కలోనూ పనిచేసే గుణం ఒక్కటే. కదిలిపోయేదాన్ని వెంబడించడం శునకజాతికి వేటాడి బతికిన పూర్వీకుల నుంచి సంక్రమించిన స్వభావం. నిలిచి ఉన్న సైకిలును కుక్క లెక్కచేయదు. అది కదిలినప్పుడే దానికి చెవులు నిక్కుతాయి. ఆ పరుగు శత్రుత్వమవుతుందా, స్నేహమవుతుందా అన్నది పరుగుకు ముందు ఆ మనిషికీ ఆ కుక్కకూ మధ్య ఏర్పడిన పరిచయాన్ని బట్టి ఉంటుంది.

కొండదారిలో మనిషికి కుక్క తోడుగా సాగడం తెలుగు పాఠకునికి కొత్త కథ కాదు. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ద్రౌపదితో కూడి హిమాలయాల వైపు బయలుదేరినప్పుడు ఒక కుక్క వారిని అనుసరిస్తుంది. ఈ పర్వాన్ని తెనిగించినవాడు తిక్కన. ద్రౌపది మొదలు భీముని వరకు ఒక్కొక్కరే దారిలో నేలకొరగగా, చివరకు ధర్మరాజు, ఆ కుక్క మాత్రమే మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను విడిచి రమ్మంటే ధర్మరాజు అంగీకరించడు. ఆ కుక్క ధర్మదేవతే అన్న ముగింపు అందరికీ తెలిసినదే. దారి గురించి ఆలోచించేవారికి మాత్రం ఆ కథలో ఇంకొక విషయం కనిపిస్తుంది. ధర్మరాజు కాలినడకన వెళ్లాడు. కుక్క కూడా కాలినడకనే వెళ్లింది. ఇద్దరి వేగం ఒక్కటే, ఇద్దరి అలసట ఒక్కటే. రథం వచ్చి నిలిచినప్పుడే కుక్కను ఏం చేయాలన్న ప్రశ్న తలెత్తింది.

మనిషి, కుక్క కలిసి నడిచిన కాలం అంతకంటే ఎంతో పురాతనమైనది. జర్మనీలోని బాన్ నగర సమీపాన ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో రాతిగనిలో పనిచేస్తున్నవారికి ఒక పాత సమాధి కనిపించింది. అందులో ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థికలతో పాటు ఒక కుక్క ఎముకలు కూడా ఉన్నాయి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరాలు. దాని పళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించిన దాని ప్రకారం అది ఏడు నెలల వయస్సులోపు కూన. ‘డిస్టెంపర్’ అనే ప్రాణాంతక వ్యాధితో కొన్ని వారాలపాటు తీసుకొన్నది. మనుషుల సంరక్షణ లేకుంటే అది అన్నాళ్లు బతికి ఉండేది కాదని వారి అభిప్రాయం. జబ్బుతో పడి ఉన్న కూన వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా ఎవరో దానికి నీళ్లు పట్టారు, శుభ్రం చేశారు, చనిపోతే తమవారి పక్కనే పూడ్చారు. కుక్కను మనిషి ఉపయోగం కోసమే చేరదీశాడని చెప్పేవారికి ఈ చిన్న ఎముకలు కొంత ఇబ్బంది కలిగిస్తాయి.

కొండ సైకిలు చరిత్ర దీనితో పోలిస్తే నిన్న మొన్నటిది. మన వాడుకలో ‘బైకు’ అంటే మోటారు వాహనమే గనుక ‘మౌంటెన్ బైకు’ అన్న మాట వినగానే కొందరు పొరపడతారు. ఇది కాళ్లతో తొక్కే సైకిలే. లావుపాటి టైర్లు, దృఢమైన చట్రం, అనేక గేర్లు, కుదుపును మింగే ముందు ఫోర్కు దీని ప్రత్యేకతలు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి గోల్డెన్ గేట్ వంతెన ఆవల మరీన్ కౌంటీ ఉంది. నేడు వేలాది తెలుగు కుటుంబాలు నివసిస్తున్న సిలికాన్ లోయకు అది కారులో కొద్ది గంటల దూరం కూడా కాదు. అక్కడి టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల 1970ల దశకంలో కొందరు యువకులు 1930, 40ల నాటి పాత ‘ష్విన్’ సైకిళ్లను బాగుచేసుకొని మట్టిదారుల్లో కిందికి దూకించడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ ఊరి దగ్గర జరిగిన పందెం ఈ క్రీడకు తొలి మైలురాయిగా చెప్పబడుతున్నది. సుమారు 3 కిలోమీటర్ల దారి, దాదాపు 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకు వెనుక చక్రపు హబ్బులో ఉండే బ్రేకు తప్ప వేరే ఆధారం లేదు. కిందికి చేరేసరికి ఆ బ్రేకు వేడికి లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ విప్పి కొత్త గ్రీజు దట్టించవలసి వచ్చేది. ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు అందువల్లనే వచ్చింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా చట్రం తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ఇటువంటి సైకిళ్ల వ్యాపారం ప్రారంభించారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది ఒలింపిక్ క్రీడ అయింది.

క్రీడగా ఎంత ఎదిగినా, ఎక్కువమందికి ఇది పందెం కాదు. వారాంతంలో ఊరు విడిచి, చెట్ల నీడన మనిషి వెడల్పు మట్టిబాటలో రెండు మూడు గంటలు తిరిగి రావడమే వారికి కావలసినది. అటువంటి ప్రయాణంలో మాట్లాడే తోడు కంటే మాట్లాడని తోడే హాయి అనుకొన్నవారు కుక్కలను వెంటతీసుకొని వెళ్లడం ప్రారంభించారు. చక్రం పక్కన కుక్క పరుగెత్తడం అప్పటికే ఎరిగిన విద్య. 18, 19వ శతాబ్దాల ఇంగ్లండులో ధనవంతుల గుర్రపుబండ్ల పక్కన నల్లమచ్చల డాల్మేషియన్ కుక్కలు మైళ్లకొద్దీ పరుగెత్తేవి. బండికి అవి అలంకారమూ, కాపలా కూడా. ఆ తరువాత గుర్రాలు లాగే అగ్నిమాపక శకటాల ముందు దారి చేసే పని కూడా వాటికి దక్కింది.

నేటి కొండబాటల్లో ఎక్కువగా కనిపించేవి పనికోసం పెంచిన జాతులే. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దుల గొర్రెల కాపరుల బోర్డర్ కోలీ, హంగరీ వేటగాళ్ల విజ్లా, పేరులో ఆస్ట్రేలియా ఉన్నా నిజానికి అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రూపుదిద్దుకొన్న ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటివి గంటల తరబడి కదలగలవు. అణగిన ముక్కు గల పగ్, బుల్‌డాగ్ జాతులను ఈ పనికి పూనించడం మాత్రం హింసే. వాటికి ఇంట్లో కూర్చున్నప్పుడే ఊపిరి ఆడడం కష్టం. అందం పేరిట మనిషే వాటి ముక్కులను తరతరాలుగా కుదించి ఈ స్థితికి తెచ్చాడు.

జాతి ఉత్తమమైనంత మాత్రాన కుక్క మంచి సహచరి కాబోదు. బోర్డర్ కోలీ సంగతే చూడాలి. చెదిరిపోయే గొర్రెను చుట్టుముట్టి ఆపడం దాని రక్తంలో ఉంది. శిక్షణ లేని కోలీకి ముందు చక్రం తప్పిపోతున్న గొర్రెలా కనిపిస్తుంది; అది చక్రానికి అడ్డం వెళుతుంది. అందుచేత అనుభవజ్ఞులు కుక్కను కొండకు తీసుకొనిపోయే ముందు నెలల తరబడి సైకిలును నడిపించుకొంటూ దాని పక్కన కుక్కను నడిపిస్తారు. ‘ఆగు’, ‘రా’, ‘వెనక్కి’, ‘వదిలెయ్’ అనే నాలుగు మాటలు ఎంత దూరం నుంచి, ఎంతటి ఆకర్షణ ఎదుట చెప్పినా కుక్క పాటించాలి. జింక పారిపోతున్నప్పుడు ‘వదిలెయ్’ అన్న మాట విని వెనుదిరగడం కుక్కకు చిన్న విషయం కాదు. లడ్డూల పళ్లెం ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి ముట్టుకోవద్దనడం అంతకంటే తేలిక.

దారిలో స్థానాలు ఎప్పటికప్పుడు మారుతాయి. ఎక్కేటప్పుడు మనిషి నెమ్మదిస్తాడు గనుక కుక్క ముందు ఉంటుంది. నాలుగడుగులు వేసి, వెనుదిరిగి చూసి, మళ్లీ సాగుతుంది. రొప్పుతూ వచ్చే మనిషి వైపు అది చూసే చూపులో కొంత జాలి కూడా ఉన్నట్లు తోస్తుంది. దిగేటప్పుడు కుక్క విధిగా వెనుకనే ఉండాలి. ముందున్న కుక్క ఏ వాసనకో హఠాత్తుగా ఆగితే, వంద కిలోల బరువుతో దొర్లి వచ్చే మనిషీ సైకిలూ ఆగలేవు. తొక్కడం ఆపగానే వెనుక చక్రం నుంచి వెలువడే టికటిక శబ్దాన్ని కుక్కలు త్వరలోనే గుర్తుపడతాయి. ఆ శబ్దం మొదలైతే దిగుడు వచ్చిందని అర్థం. తెలిసిన కుక్క ఎవరూ చెప్పకుండానే పక్కకు తొలగి వెనుకకు చేరుతుంది. మరీ దగ్గరగా వెనుకబడడం కూడా ప్రమాదమే. నేటి సైకిళ్ల డిస్క్ బ్రేకు పళ్లేలు పలుచనివి, అంచు పదునైనవి; నిలువు దిగుడు తరువాత చర్మం కాలేంత వేడెక్కుతాయి. ఆగిన సైకిలు దగ్గరకు ప్రేమతో వచ్చి ఒరుసుకొన్న కుక్క కాలు కోసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి.

కుక్కను సైకిలుకు కట్టి దాని చేతనే లాగించే క్రీడ వేరే ఉంది. దాన్ని ‘బైక్‌జోరింగ్’ అంటారు. మంచు మీద జారేవారిని కుక్క లాగే నార్వే దేశపు ఆటకు అది మట్టినేల మీది రూపం. అక్కడ కుక్క ముందు ఉంటుంది, సాగే తాడు ఉంటుంది, వేగం నిర్ణయించేది చాలావరకు కుక్కే. చూసేవారికి అది బరువు మోయించడంలా కనిపించినా, ఒక విషయంలో అది కొండబాట ప్రయాణం కంటే న్యాయమైనదని చెప్పాలి. కుక్క అలసితే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. వెంట పరుగెత్తే కుక్కకు ఆ వెసులుబాటు లేదు. మనిషి ముందు జారిపోతూనే ఉంటాడు.

ఇక్కడే ఈ సాహచర్యంలోని చిక్కు అంతా ఉంది. చక్రం వచ్చిన తరువాత మనిషి అలసట, కుక్క అలసట ఒకటి కాకుండా పోయాయి. దిగుడులో మనిషికి అది విశ్రాంతి, చల్లని గాలి, ఆనందం. కుక్కకు అదే సమయం అతి కఠినమైన శ్రమ. నింపాదిగా పరుగెత్తే కుక్క గంటకు పది, పన్నెండు కిలోమీటర్ల వేగంతో చాలాసేపు సాగగలదు. ముప్పై కిలోమీటర్ల వేగంతో జారే సైకిలును అందుకోవాలంటే ప్రాణం పెట్టి దూకాలి. అది దూకుతుంది. వద్దనదు. తనకు చేతకాదని తెలిపే అలవాటు దానికి లేదు. యజమాని కనుమరుగు కావడం కంటే ఊపిరి అందకపోవడమే నయమని దాని నిర్ణయం. మనుషులు ఈ గుణానికి విశ్వాసమని పేరుపెట్టి మెచ్చుకొంటారు. ఆ మెప్పును కాస్త పక్కన పెట్టి చూస్తే, కాదనలేని తోడును వెంటతీసుకొని వెళ్లేవాడు ఆ ‘కాదు’ అన్న మాటను కూడా తానే చెప్పవలసి ఉంటుందన్న సంగతి బోధపడుతుంది.

కుక్క దేహనిర్మాణం ఈ బాధ్యతను మరింత పెంచుతుంది. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ తడి ఆరడం వల్ల దేహం చల్లబడుతుంది. కుక్కకు దేహాన్ని చల్లార్చడానికి పనికివచ్చే చెమట దాదాపు లేదు. ఉన్న కొద్ది స్వేదగ్రంథులూ ప్రధానంగా అరికాళ్ల మెత్తల్లోనే ఉంటాయి. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి తెలిసిన ముఖ్యమైన ఉపాయం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది కూడా సరిగా పనిచేయదు. ఆరోగ్యవంతమైన కుక్క దేహోష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అది 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ. మెదడు, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి.

అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న ఇడిటారోడ్ పందెంలో కుక్కలు బండి లాగుతూ ఇంచుమించు 1,600 కిలోమీటర్లు పరుగెత్తుతాయి. అంత ఓర్పు గల జాతిలోనే, ఎండకాలపు ఉదయాన కొద్ది కిలోమీటర్ల పరుగుకే కుప్పకూలి ప్రాణాలు విడిచిన కుక్కలు ఉన్నాయి. రెంటికీ తేడా కండబలం కాదు, మంచు. బండి లాగే కుక్కల దేహంలో పుట్టిన వేడిని ఆ చలిగాలి పీల్చేసుకొంటుంది. ఎండ తీవ్రంగా లేని రోజుల్లో కూడా శ్రమ ఒక్కటే కుక్కను వడదెబ్బకు గురిచేయగలదు. బ్రిటన్‌లోని పశువైద్యశాలల నమోదులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, వేడి వల్ల జబ్బుపడిన కుక్కల్లో సుమారు నాలుగింట మూడు వంతులకు కారణం మూసిన కార్లు కాదు, వ్యాయామం. బ్రిటన్ వంటి చల్లని దేశంలోనే ఇట్లా ఉన్నప్పుడు మే నెల అనంతపురం, ఖమ్మం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కుక్క నోరు తెరిచి చెప్పకపోయినా దాని దేహం చెబుతుంది. చూడగలిగినవానికి ఆనవాళ్లు స్పష్టం. నాలుక వెడల్పై చివర గరిటెలా వంగుతుంది. లాలాజలం చిక్కబడి తీగలు సాగుతుంది. చిగుళ్లు ఎర్రబారుతాయి. అప్పటివరకు గీత గీసినట్లు పరుగెత్తిన కుక్క వంకరటింకరగా అడుగులు వేస్తుంది. ప్రతి చెట్టునీడనూ ఆశగా చూస్తుంది. పిలిస్తే ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని మొండితనమని పొరపడి గద్దించినవారు తరువాత చాలాకాలం ఆ గద్దింపును మరచిపోలేరు. ఆ స్థితిలో కుక్కను నీడకు చేర్చి, ఒంటినిండా చల్లని నీరు పోసి, గాలి తగిలేలా చేయాలి. అతి చల్లని నీరు హాని చేస్తుందన్న పాత నమ్మకాన్ని పశువైద్యులు ఇప్పుడు సమర్థించడం లేదు. ముందు చల్లబరచండి, ఆ తరువాతే వైద్యుని వద్దకు తరలించండి అన్నది నేటి సలహా. రీప్యాక్ దారిలో కాలిపోయిన గ్రీజును సాయంత్రం మళ్లీ దట్టించుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు.

వేడి తరువాత చెప్పుకోదగినవి పాదాలు. వేసవిలో రాతిబాట, తారురోడ్డు పెనంలా కాలుతాయి. చేతి వెనుకభాగం నేలకు ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్కకు తగదని ఒక తేలిక పరీక్ష ఉంది. బూట్లు తొడుక్కొన్న మనిషికి ఈ ఆలోచన తనంతట రాదు. కాలిఫోర్నియా కొండల్లో ఎండిన గడ్డి గింజలకు ముల్లువంటి మొనలు ఉంటాయి; అవి వేళ్ల సందుల్లో, చెవుల్లో, ముక్కుల్లో దిగి లోలోపలికి పాకుతాయి. పల్లేరుకాయలు తొక్కిన మన పల్లె పిల్లలకు ఆ బాధ కొంత అర్థమవుతుంది. ఇక పిడుదులు సరేసరి. అక్కడి ‘పాయిజన్ ఓక్’ మొక్క జిగురు కుక్క బొచ్చుకు అంటుకొని, కుక్కను ఏమీ చేయకుండా, సాయంత్రం దాన్ని ముద్దుచేసిన మనిషికి దద్దుర్లు తెప్పిస్తుంది. ఎదుగుతున్న కూనలను ఈ దారులకు తీసుకొని వెళ్లరాదు. పెద్ద జాతుల్లో ఎముకల చివరలు గట్టిపడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఉత్సాహం మాత్రం నాలుగో నెలకే నిండుగా ఉంటుంది.

కొండ ఒక్క మనిషిది, ఒక్క కుక్కది కాదు. అక్కడ గొర్రెలు మేస్తాయి, పక్షులు నేల మీద గుడ్లు పెడతాయి, వృద్ధులు నడకకు వస్తారు. స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం నడిచేవారికీ, సైకిలు తొక్కేవారికీ పొలాల మీదుగా, కొండల మీదుగా సంచరించే విశాలమైన హక్కు ఇచ్చింది. కుక్క అదుపులో ఉండాలన్న షరతు కూడా పెట్టింది. ఇంగ్లండులో గొర్రెలను వేధించే కుక్కల యజమానులను శిక్షించడానికి 1953లోనే చట్టం వచ్చింది. కొన్ని పరిస్థితుల్లో రైతు ఆ కుక్కను కాల్చిచంపినా చట్టం అతనిని తప్పుపట్టదు. వినడానికి క్రూరంగా ఉన్నా, చూలు గొర్రెలను కుక్క తరిమితే ఈత పోతుందని తెలిసిన కాపరి వైపు నుంచి కూడా దీన్ని ఆలోచించాలి. అమెరికాలో పరిస్థితి మరింత విచిత్రం. 1964 నాటి చట్టం కింద రక్షితమైన నిర్జనారణ్యాల్లో యాంత్రిక రవాణా నిషిద్ధం గనుక సైకిలు వెళ్లరాదు, కానీ వాటిలో చాలాచోట్ల కుక్క వెళ్లవచ్చు. జాతీయ ఉద్యానవనాల్లో రోడ్ల మీద సైకిలు తిరగవచ్చు, కానీ చాలావాటిలో కాలిబాటల మీదికి కుక్క రాకూడదు. రెంటినీ కలిపి ఆహ్వానించే దారులు తక్కువ. కొండ సైకిలు పుట్టినిల్లయిన టమల్‌పైస్ మీద కూడా రాష్ట్ర ఉద్యానవనపు బాటల్లో కుక్కలకు ప్రవేశం లేదు.

ఈ నిషేధాలను చాదస్తమని కొట్టిపారేయడానికి వీలులేదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు మూడోవంతు సింహాలు డిస్టెంపర్ వ్యాధికి బలి అయ్యాయి. ఆ వ్యాధి చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి అడవిలోకి చేరిందని శాస్త్రవేత్తలు నిర్ధారణకు వచ్చారు. 2018లో మన గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు కూడా కొన్నింటిలో అదే వైరస్ బయటపడింది. ఒబర్‌కాసెల్ కూనను పట్టిన జబ్బే ఇది. టీకా వేయని కుక్క అడవిలోకి వెళ్లడం అంటే అంత దూరం ఆలోచించవలసిన విషయం. తిరుమల, నల్లమల కొండల్లోనైతే ప్రమాదం ఎదురుదిశ నుంచి కూడా ఉంది. చిరుతపులికి కుక్క అతి సులభమైన ఆహారం. చెట్ల నడుమ చీకటి పడే వేళ సైకిలు వెనుక యాభై గజాల దూరంలో ఒంటరిగా వచ్చే కుక్కను అది విడిచిపెడుతుందని అనుకోవడం అమాయకత్వం.

ఇన్ని చిక్కులు ఉన్నా మనుషులు కుక్కలను ఎందుకు తీసుకొని వెళుతున్నారని అడిగితే, ఒక ఉదయం వారి వెంట ఉండి చూడమనడమే సమాధానం. పరుగెత్తే కుక్క ముఖంలో కనిపించే సంతోషానికి లోకంలో సాటి తక్కువ. గొలుసు, గోడ, గేటు లేని ఆ రెండు గంటల్లో అది తన పూర్వీకుల కాలపు జీవి అవుతుంది. బాట పక్కన రాత్రి ఎవరు నడిచారో, ఏ జంతువు ఎటు మళ్లిందో ముక్కుతో చదువుకొంటూ సాగుతుంది. దాన్ని చూసిన మనిషి కూడా ఆగడం నేర్చుకొంటాడు. తొందర కొద్దీ ఎన్నోసార్లు దాటిపోయిన వాగు దగ్గర కుక్క నీళ్లు తాగేంతసేపు నిలబడవలసి వచ్చినప్పుడు, అక్కడ వాగు ఉందని అతనికి మొదటిసారి తెలుస్తుంది. కుక్కతో వెళ్లేవారు గడియారం చూసుకోవడం మానివేస్తారు. మంచి రౌతులు నిలువు దిగుళ్లున్న దారులను తమ ఒంటరి రోజులకు అట్టిపెట్టుకొని, కుక్క ఉన్న రోజున మెలికలు తిరిగే నెమ్మది బాటనే ఎంచుకొంటారు. ఆ రోజు దారిని నిర్ణయించేది కుక్క కాళ్లే.

కుక్క ఆయుర్దాయం మనిషి లెక్కలో చాలా చిన్నది. రెండో ఏట కొండ ఎక్కడం మొదలుపెట్టిన కుక్కకు ఎనిమిదో ఏడు, తొమ్మిదో ఏడు వచ్చేసరికి తుంటి కీళ్లు పట్టేస్తాయి, మూతి చుట్టూ వెంట్రుకలు తెల్లబడతాయి. అదే సైకిలు, అదే దారి, అదే మనిషి. కుక్క ఒక్కటే ముసలిదయింది. దానికి ఆ సంగతి తెలియదు. గోడకు తగిలించిన హెల్మెట్ తీసిన చప్పుడుకు, బూట్ల అడుగున ఇనుప బిళ్ల నేలకు తగిలిన చప్పుడుకు అది పడుకొన్నచోట తోక ఆడిస్తుంది, ముందుకాళ్లు చాపుకొని మెల్లగా లేస్తుంది, వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. కొందరు ఆ చప్పుళ్లు వినబడకుండా బూట్లు చేత పట్టుకొని దొడ్డితలుపు గుండా దొంగల్లా బయటపడతారు. మరికొందరు సైకిలు వెనుక రెండు చక్రాల చిన్న బండి తగిలించి, పాత దుప్పటి పరిచి, దాన్ని ఎత్తి అందులో కూర్చోబెడతారు. కొండ జోలికి పోకుండా చెరువుగట్టు వెంట సమతలమైన దారిలో తిప్పుతారు. ముసలి కుక్క బండి అంచు మీద గడ్డం ఆనించి, ఎదురుగాలికి ముక్కుపుటాలు కదిలిస్తూ, కొండ ఉన్న వైపే చూస్తూ కూర్చుంటుంది.